గెట్టు దాటని సర్పి

జనగామ కాలేజీలో నేను జంతుశాస్త్రం చెప్తాను. వైరస్‌ల వర్గీకరణ పాఠం వచ్చిందంటే పిల్లలకు నిద్ర, నాకు పండుగ. ఆర్డర్, ఫ్యామిలీ, సబ్‌ఫ్యామిలీ అని బోర్డు మీద కొమ్మలు కొమ్మలుగా గీసుకుంటూ పోతుంటే, పెళ్లి పందిట్లో కూర్చుని ఎవరు ఎవరికి ఏమవుతారో ఆరా తీస్తున్నంత సంబరంగా ఉంటుంది నాకు. వెనక బెంచీలో ఎవరైనా ఆవులిస్తే మాత్రం ఒళ్లు మండుతుంది. అంత మంచి చుట్టరికాల కథ చెప్తుంటే ఆవులింతలేంది?

ఆ రోజు హెర్పీస్ వైరస్‌ల పాఠం నడుస్తోంది. బ్యాగులో ఫోను ఆగకుండా గుర్రుమంటోంది. క్లాసు అయ్యాక చూస్తే అమ్మ. మా ఊరు గార్ల నుంచి అన్నిసార్లు చేసిందంటే ఇంట్లో ఏదో అయిందన్నమాటే.

"మీ నాయినమ్మకు సర్పి లేసిందే. నడుం కాడ. పరేషాన్ చేస్తున్నది. జర వస్తవా?"

నేను బోర్డు వైపు చూశాను. నా చేతిరాతతో గీసిన కొమ్మ చివర ఆ సర్పి వైరసే ఉంది. చాక్‌పీసు పొడి ఇంకా నా వేళ్లకు ఉంది. పాఠం వచ్చి మా ఇంటి తలుపు కొట్టినట్టయింది.

సర్పి అంటే మా దిక్కు తెలియనివాళ్లుండరు. ఒంటికి ఒక పక్కన, నడుం మీదో పక్కటెముకల మీదో, ముందు నిప్పు పెట్టినట్టు మంట పుడుతుంది. తర్వాత నీటి పొక్కులు గుంపులు గుంపులుగా లేచి పట్టీలాగా పాకుతాయి. డాక్టర్లు హెర్పీస్ జోస్టర్ అంటారు. సర్పి అంటే పాములా పాకేది. గ్రీకు భాషలో హెర్పీస్ అన్నా పాకడమే. గార్లలోని ముసలమ్మలూ, ఎక్కడో ఉన్న గ్రీకు వైద్యులూ ఒకరి మొహం ఒకరు చూడకుండా దానికి ఒకే పేరు పెట్టారని పిల్లలకు చెప్పినప్పుడు ఒక్కరు కూడా ఆశ్చర్యపోలేదు. నాకు మాత్రం చెప్పిన ప్రతిసారీ ఆశ్చర్యమే.

అమ్మ కంగారు సర్పి గురించి మాత్రమే కాదు. మా చెల్లె పురిటికి పుట్టింటికి వచ్చి ఉంది. ఆమె మొగుడు, మా మరిది, భూపాలపల్లిలో బొగ్గుబాయిలో పనిచేస్తాడు. వాళ్లకు ఆడపిల్ల పుట్టింది. ఇరవై ఒకటో దినం తొట్టెల, అంటే బిడ్డను ఊయలలో వేసి పేరు పెట్టే పండుగ. ఆ దినం దగ్గరికొచ్చేసింది.

తొట్టెల రోజు మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది. ఇంట్లో అందరికన్నా పెద్ద ఆడమనిషి పసిబిడ్డను ఒళ్లోకి తీసుకుని చెవిలో మూడుసార్లు పేరు చెప్తుంది. తర్వాతనే తొట్టెలలో వేస్తుంది. ఆమె చెప్పేదాకా ఆ పేరు ఎవరికీ తెలియకూడదు. కన్నతల్లికి కూడా. నా చెవిలో, చెల్లె చెవిలో, మా పెదనాయిన పిల్లలందరి చెవుల్లో మా నాయినమ్మే చెప్పింది. నా పేరు నాకు నచ్చదని చిన్నప్పుడు గొడవ చేస్తే, "నీ చెవుల చెప్పినప్పుడే వద్దనకపోయినవ్?" అని నోరు మూయించింది.

ఈసారి ఆమె ఉత్సాహమే వేరుగా ఉంది. ఆడపిల్ల అని తెలిసిన క్షణం నుంచి, "పేరు నా నోట్లె తయారుగున్నది" అని వచ్చినవాళ్లకల్లా చెప్పింది. మరిది ఫోను చేసి, న్యూమరాలజీ చూపించాను, ఫలానా అక్షరం వస్తే మంచిదట అన్నాడు. "నీ అచ్చరం నువ్వే ఉంచుకో అల్లుడా" అని ఫోను అమ్మకిచ్చేసింది.

ఇప్పుడు ఆమెకు సర్పి. చెల్లెకు చిన్నప్పుడు ఆటలమ్మ పోయలేదు, టీకా కూడా వేయించలేదు. సర్పి పొక్కుల్లో ఉండే వైరసూ, ఆటలమ్మ పోయించే వైరసూ ఒక్కటే. పొక్కు నీరు తగిలితే ఆటలమ్మ పోయనివాళ్లకు ఆటలమ్మ వస్తుంది. పెద్దవాళ్లకు వస్తేనే కష్టం, పసిగుడ్డుకు మరీ కష్టం. తల్లికి ఎప్పుడూ పోయలేదు కాబట్టి బిడ్డకు తల్లి నుంచి వచ్చే రక్షణ కూడా లేదు. నాయినమ్మ ఆ బిడ్డను ఎత్తుకుంటుందా లేదా అన్నదొక్కటే నా తలలో తిరుగుతూ ఉంది. సెలవు చీటీ రాసిచ్చి రైలెక్కాను.

గార్లలో దిగి ఇంటికి పోయేసరికి నాయినమ్మ వాకిలి అవతల, దొడ్డి వైపు గదిలో మంచం మీద కూర్చుని ఉంది. సర్పి లేచినవాళ్లు బాలింత దగ్గరికి పోవద్దని పెద్దల మాట. అమ్మ ఆ మాట పట్టుకుని మొదటి పొక్కు కనపడగానే మంచం అటు మార్పించింది. నేను మనసులోనే అమ్మకు దండం పెట్టాను. పుస్తకంలో ఉన్నదీ అదే.

"వచ్చినవా బిడ్డా. కడసారి చూసి పో" అంది నాయినమ్మ.

"ఏమైంది నాయినమ్మా గంత మాట?"

రైక కొంచెం పైకెత్తి చూపించింది. వెన్ను నుంచి బొడ్డు దాకా, ఎడమ పక్కన, మందంగా జాజు పూసి ఉంది. కుమ్మరోళ్ల పెద్దవ్వ వచ్చి పూసిందట. జాజు అంటే గడపలకూ అరుగులకూ పూసే ఎర్రమన్నే. సర్పి మీద పూస్తే పాము కదలకుండా ఆగిపోతుందని నమ్మకం. ఆ ఎర్రటి మందం కింద పొక్కులున్నాయో పుండ్లున్నాయో దేవుడికే తెలియాలి.

"గిటు దిక్కు తల ఉన్నది. ఎనక దిక్కు తోక. రెండూ చుట్టు తిరిగి కలిసినయంటే నేను పోయినట్టే. తొట్టెల దినం దాకన్న ఉండనియ్యమని మొక్కిన. పోరి చెవుల పేరు చెప్పి పోత" అంది.

నాకు కోపం వచ్చింది. నా కోపం గురించి ఇంట్లో అందరికీ తెలుసు. అది ప్రేమ ఎక్కువైనప్పుడే వస్తుంది.

"తలా లేదు తోకా లేదు. అది పాము కాదు. రేపు మానుకోట దవాఖానకు పోతున్నం."

"దవాఖానల పాముకు మందుంటదా?"

"ఉంటది. గోలీలుంటయ్."

మరునాడు మానుకోటకు తీసుకుపోయాం. డాక్టరమ్మ నెమ్మదస్తురాలు. వైరస్‌ను అణచే గోలీలు, నొప్పికి గోలీలు రాసిచ్చింది. ఆఖరుకు నేను అడిగిన ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు చెప్పింది. పొక్కులన్నీ ఎండి పక్కులు కట్టేదాకా పసిబిడ్డను ముట్టుకోవద్దు, బాలింతను కూడా. ఒక్క పొక్కు పచ్చిగా ఉన్నా వద్దు.

దారి పొడుగునా నాయినమ్మ జాజు మీద చెయ్యి వేసుకుని కూర్చుంది. ఇల్లు చేరగానే, "ఎండింది సూడు. బీటలు వడి పలుగుతున్నది కూడా. ఇగ అంటు లేదు" అంది.

ఎండింది పొక్కు కాదు, జాజు. మా నాయినమ్మకే కాదు, ఆ వీధి మొత్తానికి జాజు ఎండటమే సర్పి ఎండటం. జాజు తనంతట తాను రాలిపోవాలి, నీళ్లు పోసి కడిగితే పాము లేస్తుందట. కడగకుండా కింద ఏముందో నాకెట్లా తెలుస్తుంది? డాక్టరమ్మ చెప్పిన మాటా, కుమ్మరోళ్ల పెద్దవ్వ చెప్పిన మాటా ఒకే చోట, మా నాయినమ్మ నడుం మీద, ఎదురెదురుగా కూర్చున్నాయి.

అరిస్తే వినే మనిషి కాదు. అందుకని పందెం వేశాను.

"నాయినమ్మా, మన చేనుకూ పక్క చేనుకూ నడుమ గెట్టు ఉంటది కదా."

"ఎందుకుండదు? ఆ గెట్టు కోసమే మీ తాత కచ్చేరి చుట్టు తిరిగిండు."

"నీ ఒంటికి కూడా గెట్టు ఉన్నది. ఎనక ఎన్నుపూస, ముందట బొడ్డు. ఎన్నుపూసకు రెండు దిక్కులా నరాలు బయలుదేరుతయ్. ఎడమ నరం ఎడమ చేనుకే, కుడి నరం కుడి చేనుకే. నీ సర్పి ఒక్క ఎడమ నరంల నుంచే వచ్చింది. అది గెట్టు దాటదు. దాటితే నువ్వు ఏం చెప్తే అది వింట. దాటకపోతే నేను చెప్పింది నువ్వు వినాలె."

"గెట్టు దాటని పాము ఎక్కడన్న ఉంటదానే?"

"గందుకే పాము కాదంటున్న."

ఆమె కళ్లల్లో మెరుపు వచ్చింది. మా నాయినమ్మకు పందెమంటే ప్రాణం. అమ్మ కాటుక డబ్బా తెచ్చి ఆమె వెన్నుపూస మీద మెడ కింది నుంచి నిలువుగా గీత గీసింది. ముందు బొడ్డు మీదుగా ఇంకో గీత. ఎడమ దిక్కు జాజు, కుడి దిక్కు ఖాళీ. మేం బాపు అని పిలిచే నాన్న గుమ్మంలోకి తొంగి చూసి, "సర్వేయర్‌ను పిలవాల్నా?" అని నవ్వుతూ వెళ్లిపోయాడు.

తెల్లవారితే చాలు, అమ్మ వెళ్లి గెట్టు చూసి రావాలి. "దాటిందా?" అని నాయినమ్మ అడుగుతుంది. "దాటలే అత్తమ్మా" అంటుంది అమ్మ. "మంచిగ సూడు" అంటుంది. మొదట్లో ఆ గొంతులో భయముండేది. పోను పోను సంతోషం వచ్చింది, దానితోపాటు పందెం ఓడిపోతున్నందుకు చిన్న దిగులు కూడా. ఆమెకు రెండూ కావాలి. బతకాలి, పందెం కూడా గెలవాలి.

మధ్యాహ్నాలు ఆ గదిలో నాకూ ఆమెకూ ముచ్చట్లే. నొప్పి మరిపించడానికి ఒక రోజు బ్యాగులోంచి చాక్‌పీసు తీసి నల్ల బండల మీద నా వైరస్‌ల కుటుంబ వృక్షం గీశాను. మా నాయినమ్మ చుట్టుపక్కల ఊళ్లలో ఎవరింట్లో పెళ్లి కుదిరినా పిలిచే మనిషి. ఇంటిపేర్లు, గోత్రాలు, మేనరికాలు నోటికి తెలుసు. జనగామలో నా పిల్లలకు నిద్ర తెప్పించే పాఠం ఆమెను మంచం మీద నుంచి ముందుకు వంగేలా చేసింది.

"ఏ గోత్రం?" అని అడిగింది మొట్టమొదట.

"హెర్పీస్ గోత్రం. దాంట్ల మూడు ఇండ్లున్నయ్. ఒక ఇల్లు చేపలకూ కప్పలకూ అంటేటియి. ఇంకో ఇల్లు సముద్రంల ఆల్చిప్పలకు అంటేటియి. మూడో ఇల్లు మనది. పాలిచ్చే జంతువులకు, పక్షులకు, పాములకు, తాబేళ్లకు అంటేటియి."

"పాములకు కూడనా?" అని గెలిచినట్టు చూసింది. "సూడు, నేనన్నది ఊకనే గాదు."

"మొన్న మొన్ననే మన ఇంటిపేరు ముందర ఆర్థో అని తగిలించిన్రు. ఇప్పుడు ఆర్థోహెర్పీస్విరిడే."

"ఇంటిపేరు ఎందుకు మారింది? దత్తత పోయిన్రా?"

నేను పడీ పడీ నవ్వాను. ఇన్నేళ్లలో ఏ విద్యార్థీ అడగని మంచి ప్రశ్న అది. మూడు ఇళ్లకూ పేర్లు దగ్గర దగ్గరగా ఉండి తికమక అవుతుందని మార్చారని చెప్పాను. "ముందుగల్ల చూసుకోవద్దా" అంది.

అన్నదమ్ములైతే పోలికలుండాలి కదా, ఏం పోలిక అంది. పోలిక ఉందన్నాను. గోత్రం మొత్తానికి ఒకటే తీరు దుస్తులు. లోపల డీఎన్ఏ పోగు, దాని చుట్టూ ఇరవై ముఖాల గట్టి డబ్బా, డబ్బా మీద మెత్తటి ప్రొటీన్ దూది, అన్నిటికన్నా పైన కొవ్వు పొర, ఆ పొర మీద కొక్కేలు. ఆ కొక్కేలతోనే మన కణాలను పట్టుకుంటాయి. ఇంకో పోలిక కూడా ఉంది, అదే అసలైనది. ఒకసారి ఒంట్లోకి వస్తే మళ్లీ పోవు. జబ్బు తగ్గుతుంది, అవి మాత్రం లోపలే ఎక్కడో నిద్రపోతాయి.

"ఇల్లరికం అల్లుళ్ల తీరు" అంది నాయినమ్మ.

మన ఇంట్లో మళ్లీ మూడు పొయ్యిలని చెప్పాను, ఆల్ఫా, బీటా, గామా. ఆల్ఫా వాళ్లకు తొందరెక్కువ. గబగబా పెరిగి, చర్మం పాడు చేసి, నరాల్లో దాక్కుంటారు. జ్వరం వచ్చిపోయాక పెదవి మూల లేచే పొక్కు వాళ్లదే. ఆటలమ్మ వాళ్లదే. బీటా వాళ్లు నెమ్మది. పట్టిన కణాన్ని ఉబ్బిస్తారు. పసిపిల్లలకు జ్వరం కాసి, తగ్గగానే ఒళ్లంతా ఎర్రగా పేలుతుందే, అది చాలాసార్లు వాళ్ల పనే. గామా వాళ్లు తెల్లరక్త కణాల్లో కాపురముంటారు. మనుషులకు అంటుకునే వైరస్‌లు మూడు పొయ్యిల్లోనూ కలిపి తొమ్మిది.

"గీ జ్వరం తగ్గినంక పేలుడు మీ బాపుకు వచ్చింది. మరి నా కోళ్లకేమన్న ఉన్నదా?" అంది వేళాకోళంగా.

ఉంది. ఆమె పెరట్లో ఒక ఏడాది కోళ్లు వరుసగా కాళ్లు పడిపోయి చచ్చిపోయాయి. ఒక కాలు ముందుకు, ఒక కాలు వెనక్కి చాపుకుని పడుకునేవి. ఎవరో దిష్టి పెట్టారని ఆమె ఎదురింటావిడతో మాట్లాడటం మానేసింది. మారెక్స్ జబ్బు చాలావరకు అట్లాగే ఉంటుందనీ, దాన్ని తెచ్చేది కూడా ఆల్ఫా పొయ్యి వైరసేననీ, అది సర్పి వైరస్‌కు పాలివాడనీ చెప్పాను. దానికి టీకా ఉంది, టర్కీ కోళ్లలో ఉండే ఇంకో పాలివాణ్ణి తెచ్చి కోడిపిల్లలకు ఎక్కిస్తారు.

ఆమె చాలాసేపు బండల మీది గీతలు చూసింది. "అంటే నాకూ నా కోళ్లకూ చుట్టరికం కలిసింది" అని నవ్వింది. నవ్వితే నడుం మండి "అబ్బా" అంది, మళ్లీ నవ్వింది. సాయంత్రం ఎదురింటావిడను పిలిపించి టీ తాగించింది.

ఇంతకూ ఆమె అడగాల్సిన ప్రశ్న మరునాడు అడిగింది.

"మరి నాకు గిది ఎవలు అంటిచ్చిన్రే? మనింట్ల ఎవలకూ లేదాయె."

"ఇప్పుడు ఎవరూ అంటియ్యలే నాయినమ్మా. ఇది పాతది. చిన్నప్పుడు నీకు ఆటలమ్మ పోసింది కదా. తగ్గినంక ఆ వైరస్ పోలే. నరం పట్టుకుని ఎక్కి ఎన్నుపూస పక్కన పండుకున్నది. ఇన్నేండ్లు పండుకున్నది. నీ ఒంట్ల బలం తగ్గేసరికి లేసి, పోయిన దారినే మళ్ల కిందికి దిగింది."

"గిన్నేండ్లా? నా లగ్గానికి ముందునుంచా?"

"లగ్గానికి ముందునుంచే."

ఆమె ముఖంలో నవ్వు పోయింది. భయపడిందేమోనని నేను చెయ్యి పట్టుకున్నాను. భయం కాదు అది. ఎక్కడో చూస్తోంది.

"మా అక్క దగ్గర అంటింది" అంది.

నాయినమ్మకు ఒక అక్క ఉండేదని నాకు అప్పటిదాకా తెలియదు. బాపుకు కూడా తెలియదని తర్వాత తేలింది.

వాళ్లది కొత్తగూడ అడవి దిక్కు ఊరు. అక్కకు ముందు ఆటలమ్మ పోసింది. వేపాకులు పరిచి చాప మీద పడుకోబెట్టారు. ఇంట్లో తాలింపు వేయలేదు, గడపకు వేపమండలు కట్టారు, చెల్లెను ఇంకో గదిలో ఉంచారు. అక్క పక్కన లేకపోతే ఈమెకు నిద్ర పట్టేది కాదు. ఎవరూ చూడకుండా పాక్కుంటూ పోయి ఆ వేపాకుల మీదే అక్కను పట్టుకుని పడుకుంది. తర్వాత ఈమెకూ పోసింది. ఇద్దరూ ఒకే చాప మీద ఒకరి వీపు ఒకరు వేపమండతో తుడుచుకుంటూ నవ్వుకుంటూ గడిపారు. ఇద్దరికీ తగ్గిపోయింది. ఆ తర్వాత ఒక వానకాలం ఏదో జ్వరం వచ్చి అక్క పోయింది.

"మమ్ముల కన్న అవ్వ ఏడుస్తదని ఆ పేరు ఎవ్వలం ఎత్తకపోదుము. గట్లనే అలవాటైంది. మా అవ్వ పోయింది, బాపు పోయిండు. ఇగ ఆ పేరు తెలిసినోళ్లే లేరు. అక్కది ఒక్క రైక ముక్క కూడ మిగల్లే నాకాడ." ఆగింది. చేత్తో జాజు మీద మెల్లగా నిమిరింది. "గిదొక్కటి ఉన్నదన్నమాట. గింతకాలం నా ఎన్నుల పండుకున్నదా."

"ఉన్నది నాయినమ్మా."

"ఇచ్చిపోయింది సూడు దొంగముండ, గింత నొప్పి వెట్టేది" అని నవ్వడం మొదలుపెట్టింది. నవ్వుతుంటే కళ్ల నుంచి నీళ్లు ధారగా కారాయి. నేనూ ఏడ్చాను. నా జీవితంలో ఒక వైరస్ మీద నాకు అంత ప్రేమ ఎప్పుడూ పుట్టలేదు.

అప్పుడు అర్థమైంది, ఆమె నోట్లో తయారుగా ఉన్న పేరు ఎవరిదో. అడగలేదు. అడిగితే చెప్పేది కాదు.

తొట్టెలకు ముందు రోజు పొద్దున అమ్మ గెట్టు చూసి వచ్చింది. ముందు గీతా దాటలేదు, వెనక గీతా దాటలేదు. "ఓడిపోయిన" అంది నాయినమ్మ దర్జాగా. "ఏం చెప్తవో చెప్పు."

"జాజు కడగాలె."

కుమ్మరోళ్ల పెద్దవ్వ అక్కడే ఉంది. "రాలకముందే కడుగుతరా? నేనైతే ఎన్నడూ చూళ్లే" అని బుగ్గలు నొక్కుకుంది. నాయినమ్మ ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని, "పాము గాదు వదినా, మా అక్క" అంది. పెద్దవ్వకు ఏమీ అర్థం కాలేదు. అయినా గోరువెచ్చని నీళ్లు ఆమే పట్టుకుంది. మెత్తటి గుడ్డతో అద్ది అద్ది కడిగాను. ఎర్రనీళ్లు కారుతుంటే కింద చర్మం కొంచెం కొంచెం బయటపడుతోంది. వెన్ను దగ్గర అన్నీ నల్లటి పక్కులు. పక్కటెముకల మీద పక్కులు. నాకు గుండె తేలికవుతోంది. బొడ్డు దగ్గరికి వచ్చేసరికి రెండు పొక్కులు, పచ్చిగా, నీళ్లతో మెరుస్తున్నాయి.

ఫోటో తీసి డాక్టరమ్మకు పంపాను. ఇంకొన్నాళ్లు ఆగండి అని జవాబు వచ్చింది.

దాన్ని నాయినమ్మకు చదివి వినిపించకుండా ఫోను పక్కన పెట్టేశాను. గుడ్డ చుట్టి, పైన రైక, దాని పైన చీర, చేతులు సబ్బుతో కడుక్కుని, ఒక్క నిమిషం... అని ఏదేదో లెక్క వేసుకుంటున్నాను. బాపు తొట్టెల వాయిదా వేద్దామన్నాడు. మరిదికి సెలవు దొరికింది ఆ రోజుకే. వాళ్ల వాళ్లు భూపాలపల్లిలో బండి మాట్లాడుకుని, తొట్టెల కూడా దాంట్లో ఎక్కించుకుని బయలుదేరబోతున్నారు.

నాయినమ్మ నా మొహం చూసి తనే అంది. "వద్దు బిడ్డా. మా అక్క నాకిచ్చింది చాలు. గీ పోరికి వద్దు."

"మరి పేరు? అమ్మకు చెప్పు, అమ్మ చెవుల చెప్తది" అన్నాను.

"గా పేరు ఇంకొకల నోటికి ఎట్ల ఇయ్యాలె? నేనే చెప్త. దూరంకెల్లి చెప్త."

తొట్టెల రోజు ఇల్లంతా జనం. ముందు హాల్లో దూలానికి తొట్టెల కట్టారు. అమ్మ పాత చీరలు పేని పొడుగాటి తాడు చేసింది. దాని ఒక కొస తొట్టెలకు, ఇంకో కొస వాకిలి దాటించి దొడ్డి గది గడపలో కుర్చీ వేసుకుని కూర్చున్న నాయినమ్మ చేతికి. పట్టుచీర కట్టుకుంది. జడలో పూలు కూడా పెట్టుకుంది. చెల్లె బిడ్డను తొట్టెలలో వేసింది. నాయినమ్మ అక్కడ తాడు లాగితే ఇక్కడ తొట్టెల ఊగింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. కుమ్మరోళ్ల పెద్దవ్వ పాట ఎత్తుకుంది, ఆడవాళ్లందరూ అందుకున్నారు.

పాట ఆగింది. పేరు చెప్పాలి.

చెవిలో చెప్పే పేరు కదా, ఎప్పుడూ ఎవరికీ వినపడేది కాదు. అందరూ గమ్మున వాకిలి వైపు తిరిగారు. నాయినమ్మ లేచి నిలబడింది. పెదవులు కదిలాయి, గొంతు రాలేదు. ఆ పేరు ఆమె నోటి నుంచి బయటికి వచ్చి ఎన్నేళ్లయిందో.

"వినవడలే అత్తమ్మా" అంది అమ్మ మెల్లగా.

రెండోసారి అంది. వాకిలి సగం దాకా వచ్చింది ఆ పేరు. మూడోసారి తాడు గట్టిగా పట్టుకుని, ఊపిరి తీసుకుని, చేను అవతలున్న మనిషిని పిలిచినట్టు కేకేసింది. వీధిలో పోయే ఆటో ఆగింది. ఎదురింటావిడ మిద్దె మీద నుంచి తొంగి చూసింది. పిల్లలు ఆ పేరు అందుకుని గొంతు చించుకుని అరుస్తూ ఇల్లంతా పరుగెత్తారు. ఎన్నో ఏళ్లు ఎవరూ ఎత్తని పేరు ఆ మధ్యాహ్నం గార్లలో మా వీధి మొత్తం మార్మోగింది. మరిది అక్షరం కలవలేదని ఒక్క మాట కూడా అనలేదు, ఆయన కూడా అరుస్తున్నాడు. బాపు నా దగ్గరికి వచ్చి, "ఎవలదే గా పేరు?" అని అడిగాడు. "మీ పెద్దమ్మది" అన్నాను. ఆయన అక్కడే అరుగు మీద కూర్చుండిపోయాడు.

నేను జనగామ వచ్చేశాను. కొన్నాళ్లకు ఆదివారం మళ్లీ పోయాను. పొక్కులన్నీ ఎండి, పక్కులు రాలి, నడుం మీద మచ్చలు మాత్రం మిగిలాయి. నొప్పి ఇంకా అప్పుడప్పుడు వస్తోందట. తిట్టుకుంటూనే దాని గురించి గొప్పగా చెప్తోంది. డాక్టరమ్మ ఇక పర్వాలేదంది. నాయినమ్మ స్నానం చేసి, కొత్త చీర కట్టుకుని, కాళ్లు చాపుకుని కూర్చుంది. చెల్లె బిడ్డను తెచ్చి ఆమె ఒళ్లో పెట్టింది.

నాయినమ్మ పసిదాని చెవి దగ్గరికి వంగింది.

"ఇంకేం చెప్తవ్ నాయినమ్మా, పేరు ఊరంతా తెల్సిపాయె" అని నవ్వింది చెల్లె.

నాయినమ్మ వినలేదు. నేను పక్కనే ఉన్నాను కాబట్టి నాకు వినపడింది. పేరు కాదు చెప్పింది. "అక్కా" అంది. పాప ఆవులించింది, ఆ ఆవులింతకు మాత్రం నాకు కోపం రాలేదు.